దిద్దిన ఉత్తరం

బడి వెనక ఇల్లు,
వరండాలో, సాయంత్రం

వదినకి,

ఫోన్లో అయితే మొత్తం నువ్వే మాట్లాడతావు. నేను "ఆ... ఊ..." అనే లోపల మా అన్నయ్య పిలుస్తున్నాడని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వు నాకు అడ్డం రాలేవు.

నువ్వు బదిలీ మీద వెళ్ళిపోయాక నీ ఎనిమిదో తరగతి ఎవరికిస్తారా అని టీచర్ల గదిలో వారం రోజులు గుసగుసలు నడిచాయి. చివరికి నా నెత్తినే పడింది. నీ గది, నీ బల్ల, నీ పిల్లలు. బల్ల మీద నీ ఎర్రసిరా మరక ఇంకా అలాగే ఉంది. ఎంత రుద్దినా పోవడం లేదు, నీలాగే మొండిది.

ఇక అసలు సంగతి. నేను నోటుపుస్తకాలు ఇంటికి మొయ్యడం మానేశాను. కళ్ళు పెద్దవి చేసుకోకు, పూర్తిగా చదువు. పిల్లలు క్లాసులో రాసుకుంటూ ఉంటారు. నేను ఒక్కొక్కరినీ పిలిచి, రాస్తున్నదాని గురించి కాసేపు వాళ్ళతో మాట్లాడతాను. రాసేశాక దిద్దడం కాదు, రాస్తుండగానే మాట్లాడడం. ఇంత మంచి ఉపాయం నాకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని పొంగిపోయాను.

మొదటి రోజే నా పొంగు చల్లారింది. ముందుగా "తాతగారి"ని పిలిచాను. నీకు గుర్తుండే ఉంటాడు, పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకుని మాట్లాడతాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడి, "నేనేం చెయ్యలేదు టీచర్, నిజంగా" అన్నాడు. క్లాసంతా పెన్నులు కింద పెట్టి సినిమా చూస్తున్నట్టు చూశారు. "ఏం రాస్తున్నావురా?" అన్నాను. "మీరేం రాయమంటే అది" అన్నాడు. ఇంకేముంది, నా నోరు తెరుచుకుంది. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఏది తీసెయ్యాలి, అన్నీ చెప్పాను. వాడు బుద్ధిగా తలూపాడు. వెనక్కి వెళ్ళి నేను అన్న మాటలన్నీ పొల్లుపోకుండా రాసి తెచ్చాడు. చదువుతుంటే నా గొంతే నాకు వినపడింది, అంత చప్పగా మాట్లాడతానని నాకు అప్పటిదాకా తెలీదు.

అయినా వదలను. వదిలితే నీ మరదల్ని కాదు.

ఏడాది పూర్తయ్యేదాకా అని నా దగ్గర వదిలిన నీ కూతురు పిచుక బాగానే ఉంది. బాగానే తింటోంది, బాగానే పోట్లాడుతోంది. గోడ పక్క బెంచీలో కూర్చుంటుంది. గేటు లోపల "టీచర్", గేటు దాటగానే "అత్తా". వారానికో ఉత్తరం రాయాలని నువ్వు పెట్టిన నియమం ప్రకారం ఈ వారం ఉత్తరం పోస్టు చేసింది. చాలా పొడుగ్గా రాసింది. కవరుకి రెండు స్టాంపులు పట్టాయి.

ఉంటాను,
నీ మరదలు


క్వార్టర్స్, రెండో అంతస్తు,
ఆదివారం పొద్దున్న

ఆడపడుచు గారికి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. మీ అన్నయ్య మాత్రం నవ్వాడు. నీ కొత్త వెర్రి ఎన్నాళ్ళుంటుందో పందెం కాద్దామన్నాడు. తోటలో కూరగాయలు పెంచుతానన్నావు, ఈత నేర్చుకుంటానన్నావు, అవన్నీ ఏమయ్యాయో మాకు తెలుసు.

చూడు, నేను ముక్కుసూటిగా చెప్తాను. పిల్లలు రాసింది దిద్దకపోతే ఇక మనం ఎందుకు? కబుర్లు చెప్పడానికి వాళ్ళకి స్నేహితులున్నారు. తప్పు ఎక్కడుందో చూపించేవాళ్ళు లోకంలో మనం ఒక్కళ్ళమే. నా చేతి కింద చదివినవాళ్ళు ఇప్పటికీ కనపడితే, "మీ ఎర్రపెన్ను వల్లే నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాం టీచర్" అంటారు. నువ్వే విన్నావు, బస్టాపులో ఆ బ్యాంకు ఉద్యోగి అన్నప్పుడు.

ఇంకో సంగతి. ఒకడితో నువ్వు ముచ్చట్లాడుతుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా? గది సంత అయిపోదూ? హెడ్మాస్టారు తలుపు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడితే అప్పుడు తెలుస్తుంది నీకు.

ఇక్కడ బడి పెద్దది, పిల్లలు ఎక్కువ. నన్ను చూసి అప్పుడే భయపడుతున్నారు, కాబట్టి బాగానే కుదురుకున్నట్టే లెక్క. ఇల్లు చిన్నదే కానీ గాలి బాగా వస్తుంది. మెట్లెక్కేటప్పుడు మీ అన్నయ్య మధ్యలో ఆగి, ఊపిరి తీసుకోవడానికి కాదు దృశ్యం చూడడానికే అంటాడు.

పిచుక ఉత్తరం అందింది. తల్లీ, ఎన్ని పేజీలు! ఒక్కో వాక్యం రైలంత పొడుగు. ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో తెలీదు దానికి. కూర్చుని అన్నీ దిద్దాను. విడగొట్టాల్సినవి విడగొట్టాను, తీసెయ్యాల్సినవి కొట్టేశాను, చివర "బాగుంది, ఇంకా శ్రద్ధ అవసరం" అని రాసి అదే ఉత్తరాన్ని తిరుగు టపాలో పంపాను. దూరంగా ఉన్నంత మాత్రాన దాని చదువు గాలికి వదిలెయ్యలేను కదా. అందిన వెంటనే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో దిద్దుబాటూ చూపించు. మళ్ళీ వారం ఉత్తరంలో ఆ తప్పులు ఉండకూడదు.

నీ
వదిన


బడి వెనక ఇల్లు,
వంటింటి గట్టు మీద రాస్తున్నాను

వదినకి,

మీ ఇద్దరూ కట్టిన పందెం ఎంతో చెప్పండి, నేనే గెలుస్తాను కాబట్టి నా వాటా నాకు పంపండి.

పిల్లల్ని నా బల్ల దగ్గరికి పిలవడమే పొరపాటని తెలిసింది. ఆ బల్ల ముందు నిలబడితే ఎవరైనా దొంగలాగే కనపడతారు. బొమ్మలు గీసే గది మూల ఒక ముక్కాలి పీట దొరికింది. పొట్టిది. దాన్ని చంకన పెట్టుకుని నేనే బెంచీల మధ్య తిరుగుతున్నాను. దాని మీద కూర్చుంటే పిల్లలు నాకంటే ఎత్తులో ఉంటారు. వాళ్ళు కిందికి చూడాలి, నేను పైకి చూడాలి. లేచేటప్పుడు మోకాళ్ళు కీచుమంటాయి, అదొక్కటే నష్టం.

కూర్చున్నాక ముందు చదువుతాను. చదివాక ఒక్క సంగతి అడుగుతాను. అడిగాక నోరు మూసుకుంటాను. నవ్వకు. పెన్ను మాత్రం వాళ్ళ చేతిలోంచి తీసుకోను. నీకు చెప్తే ఏముందిలే కానీ, చెయ్యి దురద పెడుతుంది వదినా. ఎదురుగా వంకర వాక్యం కనపడుతుంటే దాన్ని సరిచెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో! అందుకే చేతులు రెండూ పీట కిందికి పెట్టుకుంటున్నాను.

నిన్న "తుఫాను" దగ్గర కూర్చున్నాను. అదే, నువ్వు రోజూ గోడ వైపు తిప్పి కూర్చోబెట్టేదానివి చూడు, ఆ పిల్ల. కుక్కపిల్ల చచ్చిపోవడం గురించి పేజీ రాసింది. కుక్క ఉంది, నాన్న ఉన్నాడు, పక్కింటివాళ్ళు ఉన్నారు. "అప్పుడు నువ్వెక్కడున్నావే?" అన్నాను. పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. నేను చేతులు పీట కిందే ఉంచుకున్నాను. తర్వాత మెల్లిగా, "మంచం కింద, టీచర్" అంది. "అది రాశావా?" అన్నాను. "అది కూడా రాయొచ్చా?" అంది.

వదినా, ఇన్నేళ్ళుగా చదువు చెప్తున్నాను, ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేను వాళ్ళ పక్కన ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి అడగలేదు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అక్కడే ఇంకో పది మాటలు చెప్పేదాన్ని, పీట ఎత్తుకుని పారిపోయాను.

గది సంత అవుతుందన్నావు. అయింది, మొదటి వారం. "నేను పీట మీద ఉండగా రక్తం కారితే తప్ప ఎవరూ నన్ను పిలవకూడదు" అన్నాను. మర్నాడు ఒకడు గోరు కొరుక్కుని, కనపడీ కనపడని ఎర్రచుక్క చూపిస్తూ వచ్చాడు. వాడికి పెద్ద కట్టు కట్టి అందరి ముందూ ఊరేగించాను. ఆ తర్వాత ఎవడూ రాలేదు. హెడ్మాస్టారు కూడా నువ్వన్నట్టే చేతులు వెనక్కి కట్టుకుని వచ్చారు. కాసేపు చూసి, "మీరెక్కడున్నారో కనపడలేదు టీచర్" అన్నారు. పొట్టి పీట కదా! లేచి నిలబడ్డాను. "కూర్చోండి, కూర్చోండి, పిల్లలు రాసుకుంటున్నారుగా" అని అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు.

పీట దగ్గర మాట్లాడింది పీట దగ్గరే ఉంటుందని పిల్లలకి మాటిచ్చాను. ఎవరింటికీ చేరదు. అది లేకపోతే మంచం కింద సంగతులు బయటికి రావు.

పిచుక ఉత్తరం నువ్వు దిద్ది పంపింది అందింది. ఇచ్చాను. దిద్దినవి చూపించమన్నావని చెప్పాను. "నేను చూసుకుంటాలే అత్తా" అని మడిచి తీసుకెళ్ళిపోయింది.

ఉంటాను,
నీ మరదలు


క్వార్టర్స్, రెండో అంతస్తు,
బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా

మరదలికి,

కుక్కలు, మంచాలు, పీటలు, అన్నీ రాశావు. నా కూతురి గురించి మాత్రం ముక్తసరిగా రాశావు.

నెల దాటింది పిచుక ఉత్తరం వచ్చి. మొదట పరీక్షలేమో అనుకున్నాను. తర్వాత పోస్టు ఆలస్యమేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే "బానే ఉన్నానమ్మా", "ఆ", "ఊ", "సరే". నాన్నకివ్వనా అంటే సంతోషంగా ఇవ్వమంటుంది. ఒంట్లో బాగాలేదా? ఎవరితోనైనా గొడవా? దాని వయసులో ఇంకేవైనా మొదలయ్యాయా? నీకు తెలుసు. నీకు తెలుసని నాకు తెలుసు. నీ ఉత్తరంలో నువ్వు రాయకుండా దాటేసింది కూడా నాకు కనపడుతోంది.

నిన్న మీ అన్నయ్య దానితో, "వేసవి తర్వాత ఇక్కడి బళ్ళో చేరుతున్నావు, సీటు అడిగి పెట్టాను" అన్నాడు. అది ఏమందో తెలుసా? "ఏమో నాన్నా, చూద్దాం" అంది. చూద్దామట! ఏడాది ఆఖరి వరకూ అని నీ దగ్గర వదిలిన పిల్ల. ఫోన్ పెట్టేశాక మీ అన్నయ్య వెళ్ళి వరండాలో నిలబడ్డాడు, చీకటి పడినా లోపలికి రాలేదు.

అది క్లాసులో రాసుకునే నోటుపుస్తకం నాకు పంపు. అందులో ఏదో ఉంది. నువ్వు పీట వేసుకుని దాని పక్కన కూడా కూర్చున్నావుగా, నీకు చెప్పిందిగా. నీ మాటలూ, నీ నియమాలూ ఊళ్ళో పిల్లలకి పెట్టుకో. నేను కన్నతల్లిని. దాని మీద నాకు లేని హక్కు నీకెక్కడిది?

ఒక్కటి అడుగుతాను, మనసులో పెట్టుకుని కుళ్ళడం నాకు చేతకాదు. దాన్ని నీ దగ్గరే అట్టే పెట్టుకుందామని చూస్తున్నావా?

వదిన


బడి వెనక ఇల్లు,
ఇంట్లో అందరూ పడుకోకముందే

వదినకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. చింపేద్దామనుకున్నాను. రెండోసారి చదివితే భయం కనపడింది, నీది. అందుకని జవాబు రాస్తున్నాను.

నువ్వు అడిగింది అడిగినట్టే చెప్తాను. దాన్ని నా దగ్గరే ఉంచుకోవాలని నాకు ఆశ లేదా? ఉంది. నాకు పిల్లల్లేరని నీకు తెలుసు, ఈ ఇల్లు అది రాకముందు ఎలా ఉండేదో కూడా తెలుసు. పొద్దున్నే జడ రిబ్బను కనపడలేదని అది అరుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కాబట్టే ఇంకా జాగ్రత్తగా ఉంటున్నాను. దాని బెంచీ దగ్గరికి వెళ్ళేటప్పుడు అత్తనన్న సంగతి గుమ్మం బయట వదిలేసి వెళ్తాను. నా ఆశ దాని చెవిన పడేలా ఒక్క మాట కూడా ఇంతవరకూ అనలేదు. అంటే నా నాలుక నేనే కోసుకుంటాను. నిన్ను మా అన్నయ్యకి చూపించింది నేను వదినా. నీ కూతుర్ని నీకు దూరం చేస్తానా?

నోటుపుస్తకం పంపను. అది చెప్పింది చెప్పను. నువ్వు వచ్చి నా గుమ్మంలో కూర్చున్నా చెప్పను. ఒంట్లో బాగానే ఉంది, గొడవలేం లేవు, నువ్వు భయపడుతున్న ఇంకేదీ కూడా లేదు. అంతవరకు అత్తగా చెప్పగలను. ఆపైన చెప్తే రేపు నేను ఆ పీట మీద కూర్చున్నప్పుడు అది పేజీ మూసేస్తుంది. ఈ రోజు వరకూ మూయలేదు. ఇంట్లో ఒక్కరి దగ్గరైనా అది పేజీ తెరిచి ఉంచుతోందంటే అది నీకు కూడా మంచిదే. కోపం తగ్గాక ఆలోచించు.

నీకు చెప్పకూడనిది ఉంది కానీ, నిన్ను అడగకూడనిది లేదు. నా పీట నీ పక్కన వేసుకుని కూర్చున్నాననుకో. ఒకటే అడుగుతాను.

పిచుక ఆఖరి ఉత్తరంలో ఏం రాసింది?

తొందర లేదు. ఆలోచించుకునే చెప్పు. నేను మాట్లాడను.

నీ మరదలు


క్వార్టర్స్,
ఏ రోజో రాయబుద్ధి కావడం లేదు

మరదలికి,

నీ ప్రశ్న చూసి, ఇదేం ప్రశ్న అనుకున్నాను. అంత సులువైనది అడిగి నన్ను ఆటపట్టిస్తోంది అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే జవాబు రాయడానికి కూర్చున్నాను.

మొదటి పేజీలో రెండు వాక్యాలు కలిసిపోయాయి. రెండో పేజీలో "అప్పుడు" అనే మాట ప్రతి గీతకీ ఉంది, సగం కొట్టేశాను. మూడో పేజీ మధ్యలో చాలా పొడుగు వాక్యం, దాన్ని విడగొట్టాను. చివరి పేజీలో చేతిరాత జారిపోయింది. ఇవన్నీ చకచకా రాశాను. రాసి, "ఇక, ఏం రాసిందంటే" అని మొదలుపెట్టి ఆగిపోయాను.

నాకు తెలీదు.

కాగితం అలాగే పెట్టుకుని కూర్చున్నాను. బస్సు గురించి ఏదో ఉంది. వాన ఉందేమో. మీ అన్నయ్యని అడిగితే, "నేను చదివింది ఎక్కడ? ఉత్తరం రాగానే నువ్వు పెన్ను తీసుకున్నావు. ఏం రాసిందే అని అడిగితే, అన్నీ పొడుగు వాక్యాలేనన్నావు" అన్నాడు. అన్నాను, నిజమే. దాని తప్పులన్నీ నాకు నోటికి వచ్చు. అది మాత్రం ఎక్కడుందో, ఏం అనుకుంటోందో ఒక్క ముక్క గుర్తులేదు.

మర్నాడు బళ్ళో ఏం తోచక ఒక పని చేశాను, నీకు చెప్పకూడదనుకున్నాను కానీ చెప్తున్నాను. చివరి బెంచీలో ఒక పొడుగాటివాడున్నాడు, ఎప్పుడూ నాలుగు ముక్కలకి మించి రాయడు. వాడి పక్కన వెళ్ళి కూర్చున్నాను. పీట లేదు, బెంచీ మీదే. వాడు ఏం చేశాడో తెలుసా? నా చేతిలో పెన్ను చూసి, మోచెయ్యి మొత్తం పేజీకి అడ్డం పెట్టేశాడు. అప్రయత్నంగా, దెబ్బ కాచుకున్నట్టు. పెన్ను తీసుకెళ్ళి నా సంచిలో వేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. "ఏం రాస్తున్నావురా?" అన్నాను. చాలాసేపటికి చెయ్యి తీశాడు.

ఆ చెయ్యి ఇంకా నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నోటుపుస్తకం సంగతి వదిలెయ్. నేనన్న మాటలు కూడా వీలైతే వదిలెయ్. ఆ ఉత్తరం నా దగ్గర లేదు, నేనే తిప్పి పంపేశాను కదా. ఒక్క సాయం చెయ్యి. దాన్ని అడిగి ఆ ఉత్తరం తీసుకుని, చదివి, అందులో ఏముందో నాకు రాయి. ఇది పీట దగ్గర సంగతి కాదు, నాకు వచ్చిన ఉత్తరమే. నాకు రావాల్సిందే.

నీ
వదిన


బడి వెనక ఇల్లు,
వరండాలో

వదినకి,

నేను రాయను. కోపంతో కాదు, ప్రేమతోనే. నేను చదివి చెప్తే అది నాకు రాసినట్టవుతుంది. నీకు రాసింది నీకే రావాలి.

దాన్నే అడుగు. చిన్నగా అడుగు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను, సంజాయిషీలు రాయకు, బుజ్జగించకు, ఉపన్యాసం అసలే వద్దు. అది తిరిగి రాసేదాకా ఫోన్లో గుచ్చి గుచ్చి అడక్కు. అడిగేసి ఊరుకో. ఊరుకోవడమే ఇందులో కష్టం, మిగతాదంతా సులువు. నీకు చేతనవుతుంది. ఆ పొడుగాటివాడు చెయ్యి తీసేదాకా కూర్చున్నావుగా.

నువ్వన్న మాటలు ఎప్పుడో వదిలేశాను. కాకపోతే పందెం డబ్బు మాత్రం వదలను.

నీ మరదలు


క్వార్టర్స్, రెండో అంతస్తు

పిచుకా,

నువ్వు రాసిన ఆఖరి ఉత్తరం దిద్దాను కానీ చదవలేదు. అందులో ఏం రాశావో నాకు మళ్ళీ చెప్తావా?

నువ్వు రాసేదాకా ఇంకేమీ అడగను.

అమ్మ


అత్త ఇల్లు,
నా చాప మీద

అమ్మకి,

అత్త నీకు ఏమీ చెప్పలేదని చెప్పింది, నేను ఒట్టు వేయించుకున్నాను కూడా, కాబట్టి నీకు నిజంగానే తెలీదని నమ్మి రాస్తున్నాను.

ఆ ఉత్తరంలో ముందు బస్సు చెడిపోయిన రోజు గురించి రాశాను, అందరం దిగి వానలో నడిచాం, తుఫాను చెప్పులు రెండూ తెగిపోతే నా చెప్పు ఒకటి ఇచ్చాను, ఇద్దరం ఒక్కో చెప్పుతో నడిచాం, అది నవ్వొచ్చే సంగతి, నువ్వు నవ్వుతావని రాశాను. తర్వాత మూడో పేజీలో ఒకటి అడిగాను. నాన్న ఫోన్లో "మన కొత్త ఇంట్లో రెండే గదులు, ముందు గది నిండా అమ్మ దిద్దే నోటుపుస్తకాలే, నేను పక్కకి తిరిగి నడుస్తున్నాను" అని నవ్వాడు కదా, లోపలి గదిలో మీరిద్దరూ పడుకుంటారు, మరి నేను వస్తే నా మంచం ఎక్కడ వేస్తారు, అసలు నేను రావాలా అని అడిగాను.

అదే నువ్వు విడగొట్టిన పొడుగు వాక్యం. విడగొట్టి, పక్కన "ఇలా రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది" అని రాశావు. నిజంగానే హాయిగా ఉంది. కానీ జవాబు ఎక్కడా లేదు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. చోటు లేదని చెప్పడానికి నీకు మనసు రాక దాన్ని దిద్ది ఊరుకున్నావేమో అనుకున్నాను.

తర్వాత క్లాసులో, తను ఇంకా చూడని ఇంట్లో మంచానికి చోటు వెతుక్కునే అమ్మాయి కథ రాస్తున్నాను. అత్త వచ్చి కూర్చుని, ఆ అమ్మాయి ఎవర్నైనా అడిగిందా అంది. అడిగింది అన్నాను. ఇంకేమీ అనకుండా పీట తీసుకుని వెళ్ళిపోయింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి ఆవిడకి, నేను చూడలేదనుకుంది.

ఈ ఉత్తరంలో కూడా వాక్యాలు పొడుగ్గానే ఉన్నాయి.

పిచుక


క్వార్టర్స్, రెండో అంతస్తు,
ముందు గదిలో, నేల మీద కూర్చుని

పిచుకా,

నువ్వు రావాలి. నువ్వు రాకపోతే ఇది మాకు ఇల్లు కాదు. ఇది నేను మొదటి రోజే చెప్పాల్సింది.

ఒక్కో చెప్పుతో మీరిద్దరూ నడిచిన సంగతి మీ నాన్నకి గట్టిగా చదివి వినిపించాను. మధ్యలో నవ్వొచ్చి నేను చదవలేకపోతే కాగితం ఆయన లాక్కుని చదివాడు. రెండోసారి మళ్ళీ చదివించుకున్నాను.

ఇవాళ ఆ నోటుపుస్తకాలన్నీ బడికి చేరవేశాం. మీ నాన్న ప్రతి అంతస్తులోనూ ఆగి దృశ్యం చూశాడు. ముందు గది ఖాళీ అయింది. ఊడిస్తే అనుకున్నదానికంటే పెద్దగానే ఉంది. వీధి వైపు కిటికీ ఉంది, పొద్దున వెలుగొస్తుంది, అక్కడ వెయ్యమంటాడు మీ నాన్న. ఎదురుగా అటక కింద కూడా చోటుంది. లోపలి గది వైపు గోడ కూడా ఖాళీయే.

నేను ఏదీ తేల్చలేదు. నీ మంచం ఎక్కడ వెయ్యమంటావు?

అమ్మ


అత్త ఇల్లు,
పొద్దున్నే, బడికి వెళ్ళే ముందు

అమ్మా,

కిటికీ పక్కన వద్దు. నువ్వు పడుకునే గదికీ ఆ గదికీ మధ్య గోడ ఒకటే కదా, ఆ గోడకి ఆనించి వెయ్యి. నేను ఇటు నుంచి తడితే నీకు వినపడాలి.

పిచుక